మారకం

సోమవారం పౌనుకు ఒకటీ ఇరవై ఏడు.
బ్యాంకు పేజీ తెరిచి, మీట మీద వేలు పెట్టి
తీసేశాను,
ఇంకో సెంటు పెరుగుతుందేమోనని.

హడర్స్‌ఫీల్డ్‌లో కాలవ పక్కన మా రాతి యార్డు.
సమాధి ఫలకాలు చెక్కుతాం.
రాయి మాత్రం చీమకుర్తిది,
నల్లటి ఒంట్లో బంగారు రవ్వలు.
తడిస్తే ఇంకా నలుపెక్కుతుంది,
ఇక్కడ తడవని రోజేది?
డెరెక్ చెక్కుతాడు, నేను లెక్కలు చూస్తాను.
అలివేలు అనడం రాక ఆలీ అంటాడు.
పదకొండేళ్లుగా పలుకుతున్నాను.

బిల్లు డాలర్లలో వస్తుంది.
చీమకుర్తి క్వారీలో డాలరు లేదు, మా గల్లాపెట్టెలోనూ లేదు.
అయినా ఆ మూడోవాడు లేనిదే బేరం సాగదు,
సంతలో తువాలు కింద వేళ్లు నొక్కే దళారిలా.

పద్నాలుగు వేల ఆరువందలు.
టీవీలో చెప్పే రేటు ఒకటి,
నా తెర మీదికొచ్చేది ఇంకోటి.
నడుమ రాలిపోయినదానికి బ్యాంకు పేరు పెట్టదు.
మా మేనత్త దిద్దులు చెరిపించినప్పుడు
ఆచారి కనీసం నోరు తెరిచి
తరుగు అన్నాడు.

మంగళవారం ఇరవై ఆరు.
బుధవారం ఎవరో మంత్రి ఏదో అన్నాడట,
ఇరవై అయిదూ చిల్లర.
లేస్తుందిలే అనుకున్నాను,
పేకముక్కలు పట్టిన ప్రతివాడూ అనుకునే మాటే.
గురువారం, ఒకటీ ఇరవై నాలుగు దగ్గర,
మూడు గంటల గడువుకి నాలుగు నిమిషాల ముందు
నొక్కాను.
రెండు వందల డెబ్బై ఎనిమిది పౌన్లు
నా ఓపికకి అయిన ఖర్చు.

జాతకాలు చూసే మా పెదనాన్న 'మారకం' అన్నాడంటే
ఇంట్లో ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు.
రేడియోలో మారకపు రేటు చదవబోతే
ఆయనే లేచి కట్టేసేవాడు.
చిన్నప్పుడు నవ్వుకునేదాన్ని.

డెరెక్ తిట్టలేదు. ధరల కాగితం కొత్తది రాసి
నా బల్ల మీద పెట్టి వెళ్లాడు.
పాత ధరకి గడువు దాటినవాళ్లు ముగ్గురు.
మూడో ఆవిడ డొరీన్ మర్గట్రాయిడ్.
ఇరవై పౌన్లు పెరిగిందండీ అన్నాను ఫోన్లో.
పౌను పడిపోయిందండీ అన్నాను,
మంచు పడిందండీ అన్నట్టు.
నా సోమవారం సంగతి ఎత్తలేదు.

"అక్షరానికెంత?"
మూడు.
కాసేపు పెదాల మీద
లెక్కపెట్టుకుంటున్న చప్పుడు.
"అయితే ఆ 'ప్రియమైన' తీసెయ్యమ్మా.
ఏడక్షరాలు.
ఆయనకి తెలుసు."

మా భాషలో అది నాలుగక్షరాలేనండీ అనబోయాను.
ఎందుకు తట్టిందో.

శుక్రవారం పొద్దున్నే చీమకుర్తి నుంచి కోటిలింగం:
"మేడం, ఇరవై రెండు డాలర్లు తక్కువ పడింది.
దారిలో ఎవరో కోసుకున్నారు."
ఫారంలో ఒక గడి ఉంటుంది, ఖర్చులు ఎవరివి అని:
మావి, మీవి, చెరిసగం.
గురువారం తొందరలో చెరిసగం దగ్గరే ఉండిపోయింది గుర్తు.
ఇరవై రెండు పంపడానికి పదిహేను.
పంపాను, నా కార్డు మీద,
మావి అని నొక్కి.
ఆ రోజు రేటెంతో చూడలేదు.

ఫలకం పోయిన వారం నిలబెట్టాం.
'భర్త'కి ముందు
ఏడక్షరాల మేర నున్నటి రాయి,
ఉలి తగలకుండా.
అదేమిటని అడిగాను.
డెరెక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ
"పౌను లేవచ్చుగా, ఆలీ" అన్నాడు.

ఎగతాళో ఏమో.
నేను టీ పెట్టడానికి వెళ్లాను.